ఉమ్మడి గోడ

హార్మన్‌ఫెర్రీ, 7 ఏప్రిల్ 1997

తమ్ముడు ఆంటన్‌కి,

నువ్విలా ఓడెక్కావో లేదో, ఇక్కడ ఊళ్ళో కొంపలంటుకున్నాయి. క్రాండల్‌కి కొత్త స్టేడియం కావాలట! అదే, రెండేళ్ళ కింద మన ఫెర్రీమెన్ బేస్‌బాల్ జట్టుని కొనుక్కుని, అప్పట్నుంచీ ఊరంతా తనదే అన్నట్టు తిరుగుతున్నాడే, ఆ పెద్దమనిషి. ఇప్పుడున్న మైదానం పాతబడిందట, కప్పు కారుతోందట, అందుకే జట్టు ఓడిపోతోందట. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అన్నారా? కట్టివ్వకపోతే జట్టుని ఇంకో ఊరికి తీసుకుపోతానని పేపర్లో బెదిరింపు కూడానూ.

కట్టేది ఎవడి డబ్బుతో అనుకున్నావు? ఊరి పన్నులతో. అత్తసొమ్ము అల్లుడు దానం. లైబ్రరీ సగం రోజులు మూసే ఉంటోంది. నది మీద వంతెన ఎప్పుడు కూలుతుందోనని లారీలు ఆపేశారు. మింగ మెతుకు లేదు గానీ మన ఊరికి మీసాలకి సంపెంగ నూనె కావాలి.

ఈస్టర్ ముందు శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు దగ్గర ఇదే గొడవ. బల్లకి అటు కావాలనేవాళ్ళు, ఇటు వద్దనేవాళ్ళు. మన పక్కింటి పావ్లీనా అత్త నడిమధ్య కూచుని, "చేప చల్లారిపోతోంది, ముందు తినండి, తర్వాత కొట్టుకు చావండి," అంది. ఎనభై దాటినా నోరు మాత్రం అలాగే ఉంది ఆవిడకి.

నాకు ఆట మీద కోపం లేదురా. ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించినా, మిగతా రోజులు నేను వాయించేది ఆ మైదానంలోనే గదా. అవతలి జట్టులో బంతి విసిరేవాణ్ణి బయటికి పంపేటప్పుడు శవయాత్ర రాగం వాయిస్తే జనం నవ్వే నవ్వు నాకు చర్చిలో దొరుకుతుందా? కొత్తది పాత స్టీలు మిల్లు ఖాళీ స్థలంలో కడతారట. అక్కడైతే ఎవరి ఇల్లూ పోదు, అది నయమే. కానీ ఊరిని బెదిరించి సాధించుకోవడమేమిటి? అదీ నా ఒళ్ళు మండేది.

ఓడ మీద ఉప్పు తగ్గించి వండు, నీ బీపీ సంగతి మర్చిపోకు.

అక్క
మిలా

*

ప్రౌట్ ఓడ వంటగది, సుపీరియర్ సరస్సు
29 ఏప్రిల్ 1997

అక్కా,

నీకు కోపం రాని రోజంటూ ఉంటే దాన్ని క్యాలెండర్లో ఎర్రక్షరాలతో అచ్చేయించాలి. కొత్త స్టేడియం వస్తుందంటే సంతోషించక ఏమిటే ఆ శాపనార్థాలు? నాన్న మిల్లులో పని దిగి, మసి మొహంతోనే మనిద్దర్నీ ఆటకి తీసుకెళ్ళేవాడు. ఆ జట్టు పోతే ఆ ఊళ్ళో ఇంకేం మిగుల్తుంది? పొగలేని పొగగొట్టాలూ, నీ కోపమూ.

పైగా మిల్లు స్థలంలో అంటున్నావు. నాన్న చెమటోడ్చిన నేల మీద ఆట ఆడతారంటే నాకైతే కళ్ళు చెమర్చాయి. నవ్వకు.

నీకో సంగతి చెప్పకుండా దాస్తున్నాను. వచ్చాక నువ్వే చూస్తావు. చూసి ఒక్క పూటైనా మెత్తబడతావు.

మళ్ళీ కబురు పెట్టేదాకా మేం ఈ సరస్సులోనే ఇనప రాయి మోస్తూ అటూ ఇటూ తిరుగుతాం. డెట్రాయిట్ వైపు రాము. టపా పడవ వాళ్ళు బకెట్‌లో ఉత్తరాలు పైకి పంపేది అక్కడే కాబట్టి నీ జవాబు ఆలస్యంగా అందుతుంది. అందుకు కూడా నన్నే తిట్టకు.

పావ్లీనా అత్తకి నా ముద్దులు.

ఆంటన్

*

కట్లర్ వీధి, 9 మే 1997

ఆంటన్,

మన వీధిరా! మన వీధి మీద పడ్డారు!

మిల్లు నేలలో విషం ఉందట. తవ్వితే పైకి లేస్తుందట. ఆట చూడ్డానికి వచ్చేవాళ్ళ ఆరోగ్యం పాడైపోతుందట. ఆ విషం పక్కనే మనం పుట్టి పెరిగాం, అమ్మ దుప్పట్లు ఆ గాలికే ఆరేసింది, నాన్న ఆ గాలికే దగ్గి దగ్గి పోయాడు. అప్పుడెవడికీ ఆరోగ్యం గుర్తురాలేదు! ఇప్పుడు కట్లర్ వీధి నదివైపు వరస మొత్తం కావాలంటున్నారు. ఇష్టంగా అమ్మితే సరే, లేదంటే ప్రజావసరం పేరుతో స్వాధీనం చేసుకుంటారట. క్రాండల్ జట్టుకి గడ్డి పెంచడం ప్రజావసరమా? నేను ప్రజని కానా?

నిన్న పావ్లీనా అత్త వంటింట్లో వరస వాళ్ళందరం చేరాం. ఎవరూ అమ్మకూడదని చెప్పాను. మనవి గోడకి గోడ అంటుకున్న ఇళ్ళు, ఒకళ్ళు జారితే పక్కవాళ్ళకి నిలబడే దారి లేదు. అందరి చేతా సిలువ మీద చెయ్యి పెట్టించి మాట తీసుకున్నాను. అత్త కూడా పెట్టింది. మంగలి టోమ్కో నసిగాడు గానీ, నేను చూసిన చూపుకి పెట్టాడు.

వచ్చే నెల ప్రజాభిప్రాయ సభ. మాట్లాడదలుచుకున్న ప్రతివాళ్ళకీ మూడు నిమిషాలిస్తారు. నా మూడు నిమిషాలూ నిప్పులు కురిపిస్తాను. ఇంట్లో సగం వాటా నీది, కాబట్టి మేయర్‌కి నువ్వూ ఒక ఉత్తరం రాసి పడెయ్. నీ రహస్యాలూ నీ సంతోషాలూ తర్వాత చూసుకుందాం.

మిలా

*

ప్రౌట్ ఓడ, డులూత్ రేవు
24 మే 1997

అక్కా,

ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇంకా డెట్రాయిట్ మొహం చూడలేదులే, నీ ఉత్తరాలు అక్కడ నాకోసం ముసలివైపోతుంటాయి.

దాచలేకపోతున్నాను, చెప్పేస్తున్నా. కొత్త స్టేడియం గుమ్మం ముందు ఇటుకలు పరుస్తారట. డబ్బు కట్టినవాళ్ళ పేర్లు వాటి మీద చెక్కుతారు. ఒకటి కొన్నాను! "యాన్, హెలెనా హూడాక్ — కట్లర్ వీధి" అని రాయించాను. అమ్మ పేరు రాతి మీద ఇదివరకు సమాధి దగ్గర తప్ప ఎక్కడైనా చూశావా? ఇప్పుడు ఊరంతా ఆ పేరు దాటే లోపలికి వెళ్ళాలి. దాత పేరు దగ్గర నీ పేరూ వేశాను, నాదొక్కటే అయితే బావుండదని.

మా ఇంజను గది కుర్రవాడు వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడాడట. కట్టడానికి ఎవరివో కొన్ని ఇళ్ళు కూడా పోతాయని చెప్పిందట. పాపం అనిపించింది. కానీ ఊరు బాగుపడాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి గదా, ఏమంటావు?

ఈ రోజు ఓడ మీద అందరికీ క్యాబేజీ హలుష్కి వండాను. అమ్మ చేసినట్టు రాలేదు గానీ గిన్నె మాత్రం నాకేశారు.

నీ ముద్దుల తమ్ముడు
ఆంటన్

*

హార్మన్‌ఫెర్రీ, 11 జూన్ 1997

గౌరవనీయులైన ఆంటన్ హూడాక్ గారికి,

తమరి ఇటుక శుభమా అని ముట్టింది. తమరి దయవల్ల నిన్నటి సభలో మా కుటుంబానికి జరిగిన సన్మానం గురించి విన్నవించుకుంటాను.

నా వంతు వచ్చింది. కాగితం కూడా చూడకుండా మాట్లాడాను. ఎర్రదీపం వెలిగేలోపు చెప్పాల్సిందంతా చెప్పాను. వెనక మన వీధి వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పుడు క్రాండల్ లాయరు నింపాదిగా లేచాడు. జేబులోంచి నిన్నటి పేపరు తీశాడు. ఇటుకలు కొన్న దాతల పేర్లు అందులో పడ్డాయి. "యాన్, హెలెనా హూడాక్, కట్లర్ వీధి. దాతలు లుడ్మిలా, ఆంటన్ హూడాక్" అని గొంతెత్తి చదివాడు. "మిస్ హూడాక్ ఇక్కడ కన్నీళ్ళు పెడుతున్నారు, అక్కడ గుమ్మం ముందు జాగా కొనుక్కుంటున్నారు," అన్నాడు. హాలు హాలంతా గొల్లున నవ్వింది. నేను మళ్ళీ మాట్లాడబోతే, "మీ మూడు నిమిషాలు అయిపోయాయి," అన్నాడు మేయరు.

ఒరేయ్, నువ్వు మనిషివేనా? "ఎవరో ఒకరు సర్దుకోవాలి" అని రాస్తావా? ఆ ఎవరో ఒకరు నీ తోడబుట్టిందిరా! మేయర్‌కి ఉత్తరం రాయరా అంటే ఇటుక కొంటావా? మన ఇంటి ఇటుకలు పీకి వాళ్ళు పారేస్తుంటే, ఒక ఇటుక వాళ్ళ దగ్గర డబ్బు పెట్టి కొంటావా? ఇంత వెర్రివాడివని తెలిస్తే అమ్మ నిన్ను కనేది కాదు.

బయటికొచ్చేసరికి మన వరస వాళ్ళు ఒక్కళ్ళూ నా మొహం చూళ్ళేదు. టోమ్కో మాత్రం, "మా చేత సిలువ మీద ప్రమాణం చేయించావు, నీకెంత ముట్టింది మిలా?" అన్నాడు. పావ్లీనా అత్త నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. నేను పిలిచాను, వినపడనట్టు నడిచింది. ఆవిడ చెవులు చక్కగా వినిపిస్తాయని నీకూ తెలుసు.

ఇట్లు,
తమరికి ఏమీ కాని
లుడ్మిలా హూడాక్

*

డెట్రాయిట్ నది మీద, 21 జూన్ 1997

అక్కా,

నీ ఉత్తరాలు రెండూ ఒకే బకెట్‌లో పైకొచ్చాయి. మే నెలది, జూన్‌ది. పొరపాటున జూన్‌ది ముందు విప్పాను. నా చేతిలో గరిటె నీళ్ళలో పడింది.

ఎంత మాటన్నావే! నేను ఇటుక కొన్నప్పుడు అది మిల్లు స్థలం. నువ్వే రాశావు, "ఎవరి ఇల్లూ పోదు" అని. ఆ తర్వాత సంగతులు నాకు చేరితే గదా! నీళ్ళ మీద ఉన్నవాడికి ఊళ్ళో ఇల్లు కూలుతోందని కాకి వచ్చి చెబుతుందా? పోయే ఇళ్ళు ఎవరివో అనుకున్నాను. మన ఇల్లని కలలో కూడా అనుకోలేదు.

తప్పయింది, ఒప్పుకుంటాను. నిన్నడక్కుండా నీ పేరు వేయడం పెద్ద తప్పు. కానీ ఒక్కటడుగుతాను. నేను తెలిసే చేశానని నువ్వు నమ్మేశావే! లాయరు చదివాడు, ఊరు నమ్మింది సరే. నువ్వెలా నమ్మావు? నేను నీ చేతుల్లో పెరిగినవాణ్ణి. "తమరికి ఏమీ కాని" అని సంతకం పెట్టడానికి నీకు చెయ్యెలా ఆడింది? నాకూ కోపం వస్తుంది అక్కా. నీకొక్కదానికే రాసిచ్చారా దాన్ని?

జట్టు ఆఫీసుకి ఫోన్ చేశాను. పేరు తీసెయ్యమంటే ఇటుక ఒకసారి కొంటే వెనక్కి తీసుకోరట. పేపరుకి రాశాను, అచ్చేస్తారో లేదో తెలీదు. దిగిపోయి వచ్చేస్తానంటే, వంటవాడు లేకుండా ఓడ కదలదు, దిగితే మళ్ళీ ఎక్కేది లేదన్నాడు కెప్టెన్. నువ్వు రమ్మంటే దిగిపోతాను. ఒక్క మాట రాయి.

ముందు పావ్లీనా అత్తకి ఈ ఉత్తరం చూపించు. ఆవిడ నమ్మితే వీధి నమ్ముతుంది.

ఆంటన్

*

కట్లర్ వీధి, 15 జూలై 1997

ఆంటన్,

నువ్వు దిగిరావద్దు. వచ్చి ఏం చేస్తావు? అయిపోయింది.

నీ ఉత్తరం పట్టుకుని అత్త తలుపు కొట్టాను. తెరవలేదు. తలుపు సందులోంచి తోశాను. మర్నాడు అదే సందులోంచి విప్పకుండానే తిరిగొచ్చి పడింది. ఆ వారంలోనే ఆవిడ ఇల్లు అమ్మేసి సంతకం పెట్టేసింది. ఆవిడే పెట్టాక ఇంకెవరాగుతారు? టోమ్కో, ఆ పక్కవాళ్ళు, ఆ పై పక్కవాళ్ళు, వరస వరసంతా కుట్టు ఊడినట్టు ఊడిపోయింది. "హూడాకులే అమ్ముకున్నారు, మేమెందుకు ఆగాలి?" అనేది అందరి నోటా ఒకటే మాట. ఇప్పుడు వరసలో సంతకం పెట్టనిది నేనొక్కదాన్ని. కౌన్సిల్‌లో ఓటింగు కూడా అయింది. ఒకే ఒక్కడు వద్దన్నాడు, వాడు వచ్చే ఎన్నికల్లో నిలబడ్డంలేదు కాబట్టి.

గోరుచుట్టు మీద రోకటిపోటు, నన్ను మైదానంలో ఆర్గన్ దగ్గర్నుంచి తీసేశారు. "జట్టు స్ఫూర్తి లేదు" అట. నా బదులు టేపు వేస్తున్నారు. శవయాత్ర రాగం తప్పు చోట వచ్చి మనవాడే అవుటైనప్పుడు మోగిందట, ఊళ్ళో నవ్వుకుంటున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇళ్ళు పడగొట్టేవాళ్ళు వచ్చారు. రాత్రికి రాత్రి నేను మన వంటింటి కుర్చీలన్నీ పట్టుకెళ్ళి వీధికి అడ్డంగా పెట్టాను. మంచు కాలంలో మన కారు జాగా ఇంకెవరూ ఆక్రమించకుండా పెట్టుకునేట్టే. పనివాళ్ళందరూ మన ఊరి కుర్రాళ్ళే. కుర్చీ పెట్టిన జాగాలోకి వెళ్ళడం మన ఊళ్ళో ఎవడికి చేతనవుతుంది? టోపీలు తీసి బుర్రలు గోక్కున్నారు. "కుర్చీలున్నాయి సార్, మావల్ల కాదు," అని మేస్త్రీకి చెప్పి వెళ్ళిపోయారు. నాకు కాసేపు గెలిచానేమో అనిపించింది. తర్వాత క్రాండల్ పై రాష్ట్రం నుంచి మనుషుల్ని రప్పించాడు. వాళ్ళకి మన కుర్చీల సంగతేం తెలుసు, తీసి పక్కన పడేశారు.

అవునురా, నిన్ను నమ్మలేదు. ఆ హాల్లో అంతమంది నవ్వుతుంటే నా బుర్ర పనిచెయ్యలేదు. అది నా తప్పు. నీ తప్పు నీది. రెంటినీ కలిపి రద్దు చేసుకుందామనకు, ఇంకా నాకంత ఓపిక రాలేదు.

మిలా

*

చికాగో రేవు, 30 ఆగస్టు 1997

అక్కా,

పావ్లీనా అత్తకి రాసిన ఉత్తరాలు తిరిగొచ్చేశాయి. ఆవిడ యంగ్‌స్టౌన్‌లో కూతురు ఇరేనా దగ్గరికి మారిందట.

నువ్వు సంతకం పెట్టకు. నా సగానికి నేనూ పెట్టను. వాళ్ళు ఏ కాగితం పంపినా పొయ్యిలో పెడతాను, నా దగ్గర పెద్ద పొయ్యి ఉంది.

ఆంటన్

*

కట్లర్ వీధి, 20 నవంబర్ 1997

ఆంటన్,

ఇల్లు దక్కింది. ఎగిరి గంతెయ్యకు, పూర్తిగా విను.

పేదలకి ఊరికే వాదించే లాయరమ్మ ఒకావిడ వచ్చింది. స్టేడియం ప్లాను కోర్టులో పరిచి చూపించింది. వాళ్ళ ఎడమవైపు గోడ పావ్లీనా అత్త ఇంటితో ఆగిపోతోంది. మన ఇల్లు వరస చివరిది కదా, అది ప్లానులోనే లేదు. "ముందు ముందు కార్లు పెట్టుకోడానికి పనికొస్తుందని" అడిగారట! జడ్జి కళ్ళజోడు తీసి, "పనికొస్తుందని ఎవరి ఇల్లు పడితే వారి ఇల్లు తీసుకుంటారా?" అన్నాడు. అంతే. ఆ సంతోషం నాకు ఇంటికి వచ్చేదాకా ఉంది.

ఇంటి ముందు నిలబడితే అటు పక్క ఏమీ లేదురా. అత్త ఇల్లు పడగొట్టి ఎత్తుకుపోయారు. మనకీ ఆవిడకీ మధ్య ఉన్న ఉమ్మడి గోడ మాత్రం మనతో ఉండిపోయింది. ఇప్పుడది బయటి గోడ. దాని మీద ఆవిడ ఇల్లంతా అతుక్కుని ఉంది. కింద వంటింటి పసుపు కాగితం, పైన పడగ్గది నీలం పువ్వుల కాగితం, మధ్యలో మెట్లు ఎక్కినంత మేర ఏటవాలు మరక. అత్త వాళ్ళాయన సిలువ తగిలించిన చోట తెల్లగా ఉంది. వాన పడితే గోడ మన వైపు చెమ్మ ఊరుతోంది.

నాకు ఎవరి మీద ఎక్కువ కోపమో తెలీడం లేదు. క్రాండల్ పరాయివాడు. లాయరు కూలికి మాట్లాడాడు. అత్త నన్ను ఎత్తుకుని పెంచింది. ఒక్కసారి తలుపు తీసి, "నిజమా మిలా?" అని అడిగితే ఏం పోయింది? అడక్కుండా ఉరి తీసినట్టుంది.

జనవరిలో ఓడలు ఆగాక రా. పొయ్యి దగ్గర నీ మంచం వేశాను.

మిలా

*

యంగ్‌స్టౌన్, 22 మార్చి 1998

అక్కా,

నిన్న నీ దగ్గర బయల్దేరి నేరుగా ఓడకి వెళ్ళకుండా ఇక్కడ దిగాను. చెబితే వద్దంటావని చెప్పలేదు. శీతాకాలమంతా నువ్వు ఆ గోడ వైపు చూసి పళ్ళు కొరుకుతుంటే చూడలేకపోయాను.

ఇరేనా తలుపు తీసింది. అత్త కిటికీ దగ్గర కూచుని ఉంది. నేను నుంచునే మొదలుపెట్టాను. ఇటుక నేనే కొన్నాను, అక్కకి తెలీదు, అప్పటికి అది మిల్లు స్థలం, అని గడగడా అప్పజెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "నాకు తెలుసులే నాయనా. కూచో," అంది.

"తెలుసా?"

"సభ రోజునే తెలుసు. మీ అక్క మొహం చూస్తే తెలీదా? పచ్చి వెల్లుల్లి నమిలినట్టు అయిపోయింది దాని మొహం. అమ్ముకున్న మనిషి అలా ఉంటుందా?"

నాకు ఒళ్ళు మండింది. "మరి తలుపెందుకు తియ్యలేదు అత్తా? వీధంతా నీ వెనకే పోయింది గదా!" అని అరిచాను. ఇరేనా లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది.

ఆవిడ అంది, "మెట్లెక్కలేకపోతున్నాను ఆంటన్. అప్పటికే కూచుని, వెనక్కి వెనక్కి జరుక్కుంటూ ఎక్కేదాన్ని పడుకోడానికి. ఒకసారి మధ్యలో కదల్లేక అక్కడే తెల్లారింది. ఇరేనా రమ్మని పోరుతోంది. డబ్బిస్తామన్నారు, పోదామనుకున్నాను. కానీ మీ అక్క సిలువ పట్టుకొచ్చి ముందు నా చెయ్యే పెట్టించింది. దాని ముందు 'నేను వెళ్ళిపోతానే' అనే గుండె ఎవరికుంది? నువ్వు చెప్పగలవా? నీ ఇటుక దేవుడిచ్చినట్టు వచ్చింది. మీ అక్క మోసం చేసిందనుకుంటే నాకు వెళ్ళడం సులువైంది. తలుపు తీస్తే అది నిజం చెబుతుంది, మళ్ళీ ఉండిపోవాలి. అందుకే తియ్యలేదు."

ఆ తర్వాత నాకు సూప్ పెట్టింది. తినకుండా లేచిపోదామనుకున్నాను గానీ తిన్నాను.

నీకు చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. చెప్పకపోతే నువ్వు బతికినన్నాళ్ళూ నా ఇటుకే అంతా చేసిందనుకుంటావు. సగమే చేసింది అక్కా. మిగతా సగం ఆవిడ మోకాళ్ళు చేశాయి. కొంచెం నీ కోపం కూడా చేసింది. ఇది రాయడానికి నాకు భయంగానే ఉంది, చూశావా?

ఆంటన్

*

కట్లర్ వీధి, 30 మార్చి 1998

ఆంటన్,

నేనేమన్నా పులినా? నన్ను చూసి భయపడ్డానికి? ఆవిడ ముందే చెప్పి ఉంటే పెట్టె నేనే సర్దిపెట్టేదాన్ని, యంగ్‌స్టౌన్ దాకా నేనే దిగబెట్టేదాన్ని! మోకాళ్ళ నొప్పని చెప్పడానికి నోరు రాలేదు గానీ, నన్ను ఊరందరి ముందూ దొంగని చెయ్యడానికి మనసొచ్చిందా? అదీ తెలిసి! తెలిసే చేసింది!

ఆవిడ పేరు ఇక నా దగ్గర ఎత్తకు. సూప్ కూడా తిన్నావట. సిగ్గులేదు నీకు.

మిలా

*

కట్లర్ వీధి, 2 మే 1999

ఒరే తమ్ముడూ,

స్టేడియం తెరిచి మూడు వారాలైంది. ప్రతి ఆటకీ మన వంటింట్లో గిన్నెలు గలగలమంటున్నాయి, ఆ టేపు మోతకి. మన గోడ వాళ్ళ ఎడమవైపు కంచె మీదుగా నిలువునా కనపడుతుంది. టికెట్ కొన్న ప్రతివాడికీ పావ్లీనా అత్త ఇల్లు కనపడుతుంది.

మొదటి ఆట కాగానే క్రాండల్ మనిషి వచ్చాడు. గోడ మీద బీరు కంపెనీ ప్రకటన రాయించుకుంటాం, నెల నెలా అద్దె ఇస్తాం అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. మెట్ల మీంచి తరిమాను. తర్వాత మున్సిపాలిటీ నోటీసు. గోడ చూపరులకి అసహ్యంగా ఉందట, రంగు వేయించాలట. కౌన్సిల్‌కి వెళ్ళాను, నా మూడు నిమిషాలు తీసుకున్నాను. "అది గోడ కాదు, మీరు చేసిన పనికి సాక్ష్యం. రెండేళ్ళ కిందటి దాకా అక్కడొక ముసలావిడ పడుకుని లేచేది. మీరు హాట్‌డాగులు తింటూ దాన్ని చూడాల్సిందే. అది నా ఒంట్లో ఊపిరుండగా అలాగే ఉంటుంది," అన్నాను. ఈసారి ఎవడూ నవ్వలేదు. మేయరు తల దించుకున్నాడు. ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

నిన్న శనివారం. ఆట మొదలవడానికి ముందు ఎవరో తలుపు కొట్టారు. ఇరేనా. కారులో పావ్లీనా అత్త. మనవడు టికెట్లు కొన్నాడట ఆవిడకి స్టేడియం చూపించడానికి. "లోపలికి రాను, మెట్లున్నాయి. నువ్వే బయటికి రా," అంది. ఏడాది పైగా మనసులో అనుకున్న తిట్లన్నీ నోటిదాకా తెచ్చుకుని వెళ్ళాను.

తిట్టాను కూడా. వీధిలో నిలబడి, ఆటకి పోయేవాళ్ళు ఆగి చూసేలా తిట్టాను. ఆవిడ కర్ర మీద ఆనుకుని అంతా వింది. ఒకట్రెండు తిరిగి తిట్టింది. "నీకేం తెలుసే నొప్పి? నీ నోటికి జడిసి పారిపోయాను, ఏం చేస్తావ్?" అంది. నేను సమాధానం చెప్పబోతుంటే ఆవిడ తలెత్తి గోడ వైపు చూసింది. అంతకుముందు చూడలేదు, కారు ఇటు వైపు ఆగింది.

చాలాసేపు చూసింది. వేలెత్తి నీలం పువ్వుల కాగితం వైపు చూపించింది. నాకు ఎక్కడో సంతోషం వేసింది, చూడు, చూసి ఏడువు అనిపించింది. దాచడం ఎందుకు, అలాగే అనిపించింది.

"అది నా పడగ్గదే మిలా," అంది.

"అవును. అలాగే ఉంచాను. కౌన్సిల్‌తో కూడా కొట్లాడి ఉంచాను," అన్నాను.

"ఎవరడిగారే నిన్ను?" అంది. "ఆయన పోయింది ఆ గదిలో. ఇరేనా పుట్టింది ఆ గదిలో. మంచం తలగడ రాసుకున్న జిడ్డు మరక కూడా కనపడుతోంది. ఊళ్ళో జనమంతా వేరుశెనక్కాయలు నములుతూ దాన్ని చూస్తున్నారా? నన్ను లోపలి లంగాతో నడిబజార్లో నిలబెట్టినట్టుందే! కప్పించెయ్యి. నీకు దణ్ణం పెడతాను, కప్పించెయ్యవే!"

ఆంటన్, కౌన్సిల్‌లో ఆవిడ తరఫున అరిచాను. ఆ గోడని అందరికీ చూపించాను. ఆవిడకి ఇష్టమో కాదో ఒక్కసారీ అడగలేదు. తలుపు తీసి నన్ను అడగలేదని రెండేళ్ళ నుంచీ ఆవిడని తిడుతున్నదాన్ని, అడగాలని నాకూ తోచలేదు.

ఆటకి వెళ్ళకుండా తిరిగి వెళ్ళిపోయారు. కారెక్కుతూ, "నా మీద కోపం పోయిందా?" అని అడిగింది. పోలేదన్నాను. "పోకపోతే పోయింది. ముందు గోడ కప్పు," అంది.

క్రాండల్ మనుషులకి సంగతెలా తెలిసిందో, ఊరికే రంగు వేసిపెడతాం అని ఇవాళ పొద్దున్నే దిగారు. పొమ్మన్నాను. వాళ్ళ డబ్బా ఒక్కటి కూడా ఆ గోడకి తగలడానికి వీల్లేదు. నేనే నిచ్చెన వేసి మొదలుపెట్టాను. చేతికందినంత మేర వంటింటి కాగితం గీకేశాను. పడగ్గది దాకా నా నిచ్చెన చాలడం లేదు. తాత్కాలికంగా మన దుప్పట్లు మేకులతో కొట్టాను, గాలికి ఒక పక్క ఊడిపోతోంది.

ఈసారి కెప్టెన్ ఏమన్నా సరే, దిగి రా. మంగళవారం సాయంత్రం మళ్ళీ ఆట ఉంది. ఈలోపు అయిపోవాలి.

అక్క
మిలా